పసుపెక్కిన పామ్ మట్టలు: కొట్టేయాలా, ఉంచాలా?

టాంపా పక్కన పినెల్లాస్ కౌంటీలో ఉంటున్న ఒక పాఠకురాలు పేరు రాయొద్దని కోరుతూ పంపిన ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి కుదించి ఇస్తున్నాను.

మూడేళ్ల కిందట ఇల్లు కొన్నారు. ఇంటిముందు రెండు క్వీన్ పామ్‌లు, వెనక పూల్ దగ్గర మూడు పిగ్మీ డేట్ పామ్‌లు అప్పటికే ఉన్నాయి. తర్వాత భర్త ముచ్చటపడి ఒక సిల్వెస్టర్ పామ్ తెప్పించి ముందువైపు నాటించారు, దానికే వేల డాలర్లు అయ్యాయి. ఇప్పుడు ఆరు చెట్లకూ ఏదో ఒక తేడా. డ్రైవ్‌వే పక్కనున్న క్వీన్ పామ్‌కి నడిమధ్య నుంచి వచ్చే కొత్త మట్టలు పొట్టిగా, నలిగిపోయి, కాలినట్టు వస్తున్నాయి, కింది మట్టలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. లాన్ మధ్యలో ఉన్న రెండోదానికి సరిగ్గా తలకిందులు: పైన బాగుంది, కింది మట్టల నిండా పసుపు, నారింజ చుక్కలు, చివర్లు ఎండిపోయాయి. పిగ్మీలకు కింది మట్టల అంచులు నిమ్మపండు రంగులోకి వచ్చాయి, మధ్యభాగం పచ్చగా ఉంది. సిల్వెస్టర్‌కి అడుగు వరస మట్టల చివర్లు గోధుమరంగుకు తిరుగుతున్నాయి.

ఇంతలో హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి నోటీసు: చనిపోయిన మట్టలు 30 రోజుల్లో తీయించకపోతే జరిమానా. గడ్డి కోయడానికి వచ్చే అతను "హరికేన్ సీజన్ వస్తోంది, పైన నాలుగైదు మట్టలు ఉంచి మిగతావన్నీ కొట్టేస్తా, మూడు నెలలకోసారి వస్తా" అంటున్నాడు. భర్త వీడియోలు చూసి ప్రతి శనివారం ఎప్సమ్ సాల్ట్ పోస్తున్నారు. ఆరు నెలలు ఉందామని అమలాపురం వైపు నుంచి వచ్చిన మామగారు జీవితమంతా కొబ్బరితోట చేసిన మనిషి. ఆయనేమో "పచ్చి మట్ట మీద కత్తి పెట్టకండి, చెట్టు పొటాష్ అడుగుతోంది, కాస్త పశువుల ఎరువు, గుప్పెడు ఉప్పు వేయండి" అంటారు. "అది కోనసీమ నాన్నా, ఇది ఫ్లోరిడా" అని కొడుకు విసుక్కున్నారట. అప్పట్నుంచి భోజనాల దగ్గర తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఇద్దరూ ఈవిడ వైపు చూస్తారు, నువ్వు ఎవరి పక్షం అన్నట్టు. వీటన్నిటి పైన, పక్క వీధిలో ఒక చెట్టు, పామ్‌లను చంపే తెగులైన లీథల్ బ్రాంజింగ్‌తో చచ్చిపోయిందని విని సిల్వెస్టర్ గురించి ఆవిడకి నిద్ర పట్టడం లేదు. "ఎవరు చెప్పింది కరెక్టో తేల్చండి, మట్టలు కొట్టించాలా వద్దా చెప్పండి" అని అడిగారు.

ఇక నా జవాబు.

అమ్మా, మీరు ఉత్తరంలో ఒక చాలా మంచి పని చేశారు. ఏ చెట్టుకి పాత మట్టలు పాడయ్యాయి, ఏ చెట్టుకి కొత్త మట్టలు పాడయ్యాయి అన్నది విడివిడిగా రాశారు. పామ్ చెట్ల పోషక లోపాల్లో సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోతుంది. మీ ఇంట్లో వాదన తెగకపోవడానికి కారణం కూడా అదే: అందరూ ఆరు చెట్లకూ ఒకటే జబ్బు అనుకుని ఒకే మందు వెతుకుతున్నారు. మీ దగ్గర ఉన్నది ఒక జబ్బు కాదు, కనీసం మూడు.

పొటాషియం, మెగ్నీషియం, నత్రజని చెట్టులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదులుతాయి. నేలలో దొరకనప్పుడు చెట్టు వాటిని ముసలి మట్టల్లోంచి లాక్కుని కొత్త మట్టకి పంపుతుంది, అందుకే లోపం కింద కనబడుతుంది. మాంగనీసు, ఇనుము, బోరాన్ అలా కదలవు. ఒక మట్టలోకి చేరిందంటే అక్కడే ఉండిపోతాయి, కాబట్టి అవి తక్కువైతే దెబ్బ నేరుగా మొవ్వలోంచి వచ్చే కొత్త మట్ట మీద పడుతుంది. ఇది ఒక్కటి పట్టుకుంటే మీ చెట్లు ఏం చెబుతున్నాయో మీరే చదువుకోగలరు.

లాన్ మధ్యలోని క్వీన్ పామ్‌తో మొదలుపెడదాం. దాని కింది మట్ట నుంచి ఒక రెమ్మ తుంచి ఎండకు ఎదురుగా పట్టుకుని చూడండి. చుక్కల్లోంచి వెలుతురు దూసుకొచ్చి అవి నారింజ రంగులో మెరుస్తుంటే, రెమ్మ చివర ఎండి చుట్టుకుపోయి ఉంటే, అది పొటాషియం లోపం. మట్ట మొదట్లో కంటే కొసలో ఎక్కువగా ఉంటుంది, ఆ తేడా కూడా గమనించండి. ఫ్లోరిడాలో పామ్ చెట్లకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఇదే. చూడ్డానికి మామూలు పండుటాకులా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నిజానికి ముదిరితే ఇది చెట్టును చంపుతుంది. తల చిన్నదైపోతుంది, మాను పైకి వెళ్లేకొద్దీ పెన్సిల్ మొనలా సన్నబడుతుంది, చివరికి మొవ్వ నిలవదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తాను. ఆ సగం పసుపెక్కిన మట్టలు చెట్టుకి గాదె లాంటివి. బయట పంట లేనప్పుడు చెట్టు ఆ గాదెలోంచి తీసుకుని తింటోంది. మీరు వాటిని కొట్టేశారనుకోండి, చెట్టు ఆకలి తీరదు కదా, పై వరసలో ఇవాళ పచ్చగా ఉన్న మట్టల మీద పడుతుంది. రెండు మూడు నెలల్లో అవి పసుపెక్కుతాయి, మీ లాన్ అతను మళ్లీ వస్తాడు, మళ్లీ కొడతాడు. ప్రతిసారీ తలలో మట్టలు తగ్గుతూ పోతాయి. శుభ్రంగా కనిపించాలని డబ్బిచ్చి మరీ చెట్టును పస్తు పెట్టించడం అది. పొటాషియం లోపం ఉన్న చెట్టుకి పూర్తిగా గోధుమరంగుకొచ్చి వేలాడే మట్ట తప్ప ఇంకేదీ తీయకూడదు.

డ్రైవ్‌వే పక్కది వేరే కథ, మీ ఆరు చెట్లలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే. కొత్త మట్ట పొట్టిగా, బలహీనంగా రావడం, రెమ్మలు ముడుచుకుని కాలినట్టు ఉండటం మాంగనీసు లోపం లక్షణం. అక్కడివాళ్లు ఫ్రిజిల్ టాప్ అంటారు, క్వీన్ పామ్‌కి ఇది మామూలుగా వచ్చేదే. సుద్ద, గవ్వల పొడి ఉన్న నేలలో, కాంక్రీటు పక్కన, ఇల్లు కట్టినప్పటి సిమెంటు ముక్కలు పూడ్చిన చోట నేల క్షారంగా మారుతుంది, అక్కడ మాంగనీసు ఉన్నా వేళ్లకి అందదు. మీ చెట్టు డ్రైవ్‌వేని ఆనుకుని ఉండటం ఊరికే జరిగింది కాకపోవచ్చు. మట్టి పీహెచ్ (ఎంత క్షారంగా ఉందన్నది) పరీక్ష చేయించండి, కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు (వ్యవసాయ సలహా కేంద్రం) వాళ్లని అడిగితే ఎలా పంపాలో చెబుతారు. అయితే పీహెచ్ కోసమే చేయించండి. పామ్ చెట్టుకి ఏ పోషకం తక్కువైందో తెలుసుకోవడానికి మట్టి పరీక్ష పెద్దగా పనికిరాదు, ఆ సంగతి మట్టలే బాగా చెబుతాయి.

దీనికి తొందర ఎందుకంటే, పామ్ చెట్టుకి పెరిగే చోటు ఒక్కటే ఉంటుంది. మామిడికో వేపకో ఒక కొమ్మ పోతే ఇంకో కొమ్మ వేస్తుంది, దీనికి మొవ్వ పోతే అంతే. కొత్తగా వచ్చే ప్రతి మట్టా ముందుదాని కంటే చిన్నదవుతుంటే ఆలస్యం చేయకూడదు. మందు మాంగనీసు సల్ఫేట్. ఫ్లోరిడా యూనివర్సిటీ సూచన ప్రకారం చిన్న చెట్టుకి అర పౌండు నుంచి, క్షార నేలలో పెద్ద చెట్టుకైతే 8 పౌండ్ల దాకా, రెండు మూడు నెలలకోసారి నేల మీద చల్లాలి. మీ చెట్టు ఎత్తు రాయలేదు కాబట్టి ఇంత వేయండని నేను ఇక్కడ చెప్పను. పీహెచ్ ఎంతొచ్చిందో, చెట్టు ఎంతుందో ఎక్స్‌టెన్షన్ వాళ్లకి చెప్పి మోతాదు అడగండి. షాపులో మాత్రం లేబుల్ రెండుసార్లు చదవండి. మాంగనీసు సల్ఫేట్ అడిగితే మెగ్నీషియం సల్ఫేట్ చేతిలో పెడతారు, అదే ఎప్సమ్ సాల్ట్. మీవారు ప్రతి శనివారం ఈ చెట్టుకీ అదే పోస్తుంటే నెలల తరబడి వైద్యం జరగనట్టే లెక్క.

ఇంకో చిన్న తేడా చూసుకోండి. మాంగనీసు లోపంలో కొత్త మట్ట మొదట్లో ఉన్న రెమ్మలు ఎక్కువ దెబ్బతింటాయి, కొసలో కాస్త నయంగా ఉంటుంది. అలా కాకుండా రెమ్మల చివర్లు కొక్కెంలా వంగి ఉన్నా, మట్ట విచ్చుకోకుండా మడతలు మడతలుగా ఇరుక్కుపోయినా అది బోరాన్ లోపం కావచ్చు. కొబ్బరితోట చేసిన మీ మామగారు ఆ రకం మట్టల్ని చూసే ఉంటారు, ఆయన్ని తీసుకెళ్లి చూపించండి. కానీ బోరాక్స్ తెచ్చి అందాజాగా మాత్రం పోయకండి, బోరాన్ కాస్త ఎక్కువైనా విషమే.

పిగ్మీల గురించి పెద్దగా బెంగ పెట్టుకోకండి. కింది మట్టల అంచున వెడల్పుగా పసుపు పట్టీ, మధ్యలో పచ్చదనం స్పష్టంగా ఉంటే అది మెగ్నీషియం లోపం. చెట్టు చావదు, అందమే తగ్గుతుంది.

ఇక సిల్వెస్టర్. ఇంత డబ్బు పోసి నాటించిన ఆ చెట్టు మన చేలగట్ల మీద ఎవరూ నీళ్లు పోయకుండానే పెరిగే ఈత చెట్టే, మీ మామగారు వచ్చిన రోజే పోల్చి ఉంటారు. మీ భయం అర్థం లేనిది కాదు. లీథల్ బ్రాంజింగ్‌ని ఫ్లోరిడాలో మొదట గుర్తించింది మీ పక్కనే ఉన్న హిల్స్‌బరో కౌంటీలో, 2006లో. ఆకుల రసం పీల్చే ఒక చిన్న పురుగు దాన్ని మోస్తుంది, ఈత, ఖర్జూర జాతులకి అది బాగా సోకుతుంది, లక్షణాలు కనిపించాక చెట్టు బతకదు. ఇందులోనూ కింది మట్టలే ముందు రంగు మారతాయి, అందుకే పొటాషియం లోపంతో పొరబడతారు. తేడా ఎక్కడంటే, జబ్బయితే వేగంగా కదులుతుంది. కాయలుంటే అకాలంగా రాలిపోతాయి, పూగెలలు నల్లబడతాయి, మట్టలు వరసగా కంచు రంగుకి తిరుగుతూ పైకి పాకుతాయి, మధ్యలో ఇంకా విచ్చుకోని మొవ్వాకు ఎండి వాలిపోతుంది. పోషక లోపమైతే నెలలు, ఏళ్లు నెమ్మదిగా సాగుతుంది, మొవ్వ నిటారుగా పచ్చగా ఉంటుంది.

మీరు రాసింది చదివితే పొటాషియం లోపమే అనిపిస్తోంది. అయినా పక్క వీధిలో కేసు ఉందంటున్నారు కాబట్టి రెండు దారులున్నాయి. నెలరోజులు కనిపెట్టుకుని చూడటం ఒకటి. దీనికి ఖర్చు లేదు, కానీ జబ్బే అయితే ఆ నెలలో పురుగు మిగతా చెట్ల మీదికి కూడా వెళ్లొచ్చు. మానులోంచి కొద్దిగా పొట్టు తీసి ల్యాబ్‌కి పంపించడం రెండోది. డబ్బవుతుంది, కానీ సందేహం తీరిపోతుంది. జబ్బు లేదని తేలితే ముందుజాగ్రత్తగా ఆక్సీటెట్రాసైక్లిన్ ఇంజెక్షన్లు వేయించే సౌకర్యం అక్కడ ఉంది, కానీ అది ఒక్కసారితో అయ్యేది కాదు, ఏడాదికి మూడు నాలుగుసార్లు వేయిస్తూనే ఉండాలి. అంత ఖరీదైన చెట్టు కాబట్టి నేనైతే పరీక్ష వైపే మొగ్గుతాను. మీకు నిద్ర పట్టడం కూడా ముఖ్యమే కదా.

ఇన్ని లోపాలు ఒకే ఇంట్లో ఎందుకొచ్చాయంటే, మీ నేల ఇసుక. వానలు ఎక్కువ. పొటాషియం, మెగ్నీషియం ఇసుకలో నిలవవు, వానకి కొట్టుకుపోతాయి. దానిపైన మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయం ఒకటుంది: లాన్ కంపెనీ రెండు నెలలకోసారి గడ్డికి ఎరువు చల్లి వెళ్తుందని. నా లెక్కలో మీ ఇంటి చెట్లకి అసలు శత్రువు అది. గడ్డి ఎరువులో నత్రజని ఎక్కువ, పొటాష్ తక్కువ. పామ్ వేళ్లు గడ్డి కింద చాలా దూరం పాకుతాయి, ఆ నత్రజనిని అందుకుని చెట్టు గబగబా పెరగాలని చూస్తుంది, పెరగడానికి కావలసిన పొటాషియం మాత్రం దొరకదు. అంటే ఉన్న లోపాన్ని ఆ ఎరువు ఇంకా ముదరబెడుతుంది. చెట్టు మొదట్లో గుండ్రంగా మల్చ్ (చెక్కపొట్టు, ఎండాకుల పరుపు) పరిచి లోపల ఎరువు పడకుండా చూస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, వేళ్లు ఆ గుండ్రం దాటి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాయి.

ఇక్కడ మీకు మూడు దారులు. గడ్డికి ఎరువు పూర్తిగా ఆపేస్తే చెట్లు తేరుకుంటాయి, గడ్డి కాస్త పలచబడుతుంది, దానికి హెచ్‌ఓఏ ఇంకో నోటీసు పంపొచ్చు. పామ్ చెట్లకి కనీసం 30 అడుగుల దూరంలోనే గడ్డి ఎరువు చల్లమనడం రెండోది, మీ ముంగిలి సైజులో అలాంటి చోటు మిగలదనుకుంటాను. మూడోది చాలామందికి తట్టదు కానీ నాకు బాగా నచ్చింది: మొత్తం లాన్‌కి పామ్ ఎరువే చల్లడం. గడ్డి ఎరువు పామ్‌కి చేటు చేస్తుంది గానీ పామ్ ఎరువు గడ్డికి ఏ హానీ చేయదు. ఖర్చు ఎక్కువే, బస్తా ఖరీదు చూసి మీవారు ఒకసారి ఉలిక్కిపడతారు, కానీ రెండు ఎరువుల గొడవ ఉండదు.

పామ్ ఎరువు అంటే మీద పామ్ బొమ్మ ఉన్న ప్రతి బస్తా కాదు. ఫ్లోరిడా యూనివర్సిటీలో తిమోతీ బ్రోషాట్ వంటి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చేసిన పని నుంచి వచ్చిన పాళ్లు 8-2-12 (వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్), దానికి తోడు 4 పాళ్లు మెగ్నీషియం. అక్కడి నేలల్లో భాస్వరం అవసరం అంతగా లేదని ఇప్పుడు 8-0-12-4 కూడా అమ్ముతున్నారు. బస్తా వెనక చిన్న అక్షరాల్లో చూడాల్సింది ఇంకోటి ఉంది: నత్రజని, పొటాష్, మెగ్నీషియం మూడూ నెమ్మదిగా విడుదలయ్యే రకమై ఉండాలి, మాంగనీసు, ఇనుము సల్ఫేట్ లాంటి నీళ్లలో కరిగే రూపంలో ఉండాలి. ఒక్క నత్రజని మాత్రమే నెమ్మది రకమైతే నాలుగు వానలకి పొటాష్ పోయి నత్రజని మిగులుతుంది, మళ్లీ మొదటికొస్తారు. మోతాదు మూడు నెలలకోసారి, చెట్టు తల కింద పడే ప్రతి 100 చదరపు అడుగులకి ఒకటిన్నర పౌండు. మీ క్వీన్ పామ్ మట్టలు మాను నుంచి ఒక్కోవైపు 9 అడుగులు పరుచుకుంటే దాదాపు 250 చదరపు అడుగులు, అంటే ఒక చెట్టుకి నాలుగు పౌండ్ల లోపు. మొదట్లో కుప్పగా పోయకుండా, మానుకి తగలకుండా, మట్టల నీడంతా వెదజల్లాలి. నేలలో దిగగొట్టే ఎరువు మేకులు వద్దు, ఎరువంతా ఒకేచోట చేరి అక్కడి వేళ్లు మాడిపోతాయి.

పినెల్లాస్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా నత్రజని, భాస్వరం ఉన్న ఎరువులు వాడకూడదు, వానలకి అవి టాంపా అఖాతంలోకి కొట్టుకుపోతాయని. కాబట్టి మొదటి విడత జూన్ 1 లోపే వేసేయండి. వేసవి విడతకి నత్రజని లేని 0-0-16, దానికి 6 పాళ్లు మెగ్నీషియం కలిపిన రకం ఉంటుంది, అది నిబంధనకి అడ్డు రాదు.

ఇంట్లో వాళ్ల వైద్యాల సంగతి. మీ మామగారు రెండు పెద్ద విషయాల్లో కరెక్టు: మట్టలు కొట్టొద్దన్నారు, పొటాష్ అన్నారు. మన దగ్గర కాపుకొచ్చిన కొబ్బరి చెట్టుకి ఏడాదికి 500 గ్రాముల నత్రజనికి 1200 గ్రాముల పొటాష్ సిఫారసు చేస్తారు. అంటే పొటాష్ రెట్టింపు పైనే. ఫ్లోరిడా శాస్త్రవేత్తలు చెప్పే 8-12 కూడా అదే దిశలో ఉంది చూడండి. కోనసీమ వేరు, ఫ్లోరిడా వేరు అన్న మాట ఇక్కడ నిలవదు, పామ్ జాతి ఆకలి రెండుచోట్లా ఒకటే. అయితే ఆయన చెప్పిన ఇంకో రెండు మాత్రం అక్కడ వద్దు. కొబ్బరి ఉప్పుకి తట్టుకుంటుంది, క్వీన్ పామ్ అంతగా తట్టుకోదు. పశువుల ఎరువు మన పొలాల్లో బంగారమే, కానీ పేడతో చేసిన కంపోస్టు మాంగనీసుని పట్టి ఉంచేస్తుంది, డ్రైవ్‌వే పక్కనున్న చెట్టుకి అసలే అది కరువు. మామూలు మ్యూరేట్ పొటాష్ కూడా ఆ ఇసుకలో నాలుగు రోజులు ఆగదు, గంధకం పూత వేసిన పొటాషియం సల్ఫేట్ అయితే ఆగుతుంది. లాన్‌లోని క్వీన్ పామ్ బాగా దెబ్బతిని ఉంటే మొదటి ఆరు నెలలు అదే వేయొచ్చు, కానీ ఒక్క పొటాషే వేస్తే మెగ్నీషియం లోపం తన్నుకొస్తుంది, అందుకే దానిలో మూడో వంతు కీసెరైట్ (నెమ్మదిగా కరిగే మెగ్నీషియం సల్ఫేట్) కలపాలి.

మీవారి ఎప్సమ్ సాల్ట్ కూడా పూర్తిగా దండగ కాదు. పిగ్మీలకు మెగ్నీషియం కావాలన్నది నిజం. కానీ అది రెండు వానలకి కొట్టుకుపోతుంది, పైగా పొటాషియం తక్కువున్న చెట్లకి మెగ్నీషియం ఒక్కటే అతిగా వేస్తే పొటాషియం లోపం ఇంకా ముదురుతుంది. శనివారం డ్యూటీ ఆపేయమనండి.

లాన్ అతను చెప్పిన హరికేన్ మాట మాత్రం నేను ఒప్పుకోను. తల గొరిగిన పామ్ గాలికి బాగా నిలుస్తుందన్నది వట్టి మాట, చుట్టూ ఉన్న మట్టలు మొవ్వకి కాపలా కాస్తాయి. అదీకాక డ్రైవ్‌వే చెట్టుకి అతను చెప్పినట్టు చేస్తే ఏమవుతుందో ఊహించండి: ఆరోగ్యంగా ఉన్న పాత మట్టలన్నీ పోయి, నలిగిపోయిన కొత్త మట్టలు మాత్రమే మిగులుతాయి. ఆ చెట్టు దేంతో బతుకుతుంది? ఎప్పుడైనా మట్ట తీయించాల్సి వస్తే, కాళ్లకి ముళ్ల బూట్లు వేసుకుని మాను ఎక్కనివ్వకండి, పామ్ మానుకి పడ్డ గాయం మానదు. ఒక చెట్టుకీ ఇంకో చెట్టుకీ మధ్య రంపం, కత్తి శుభ్రం చేయమని పట్టుబట్టండి. క్వీన్ పామ్‌లకి ఫ్యుజేరియం ఎండు తెగులు అలా కూడా అంటుకోవచ్చు.

హెచ్‌ఓఏ విషయంలో ముందు నోటీసు మళ్లీ చదవండి. మీరు రాసినట్టు "చనిపోయిన మట్టలు" అనే ఉంటే పని సులువు, పూర్తిగా ఎండినవి తీయించి ఫొటోలు పంపండి, సగం పచ్చగా ఉన్నవి చనిపోయినవి కావు. పసుపు మట్టలు కూడా అని ఉంటే ఒక ఉత్తరం రాయండి: ఏ లోపమో గుర్తించాం, ఫలానా తేదీన ఎరువు మొదలుపెట్టాం, ఇప్పుడు కొడితే చెట్టు చచ్చి కొట్టేయడానికి ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది, ఏడాది గడువు ఇవ్వండి అని. యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ వాళ్ల పామ్ పోషకాల పత్రం జత చేయండి. గొడవ పెట్టుకునే ధోరణిలో కాకుండా ప్లాన్ ఇచ్చినట్టు రాస్తే చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే మధ్యేమార్గం ఒకటుంది, తల మొదట్లో అడ్డంగా గీత గీసినట్టు ఊహించుకుని ఆ గీత కిందికి పూర్తిగా వాలిన మట్టలు మాత్రం ఒక్కసారి తీయించడం. చెట్టు కోలుకోవడం ఆలస్యమవుతుంది, కానీ ఎరువు మొదలైంది కాబట్టి తట్టుకుంటుంది. జరిమానా భయంతో మొత్తం కొట్టించడం ఆఖరి దారి, దాని ఫలితం పైన చెప్పాను.

ఇంకో దారి కూడా చెప్పకపోతే సరికాదు. క్వీన్ పామ్ గాలివానకి బలహీనమైన పామ్‌లలో ఒకటి, క్షార నేలలో దాన్ని పచ్చగా ఉంచాలంటే ఎప్పటికీ మాంగనీసు వేస్తూనే ఉండాలి. డ్రైవ్‌వే చెట్టు పీహెచ్ బాగా ఎక్కువ వస్తే, దాన్ని తీసేసి సేబల్ పామ్ వేసుకోవడం తప్పు కాదు. అది 1953 నుంచి ఫ్లోరిడా రాష్ట్ర వృక్షం, అక్కడి ఇసుకకీ గాలికీ పుట్టింది. ఒకసారి ఖర్చు, తర్వాత పెద్దగా సేవ అక్కర్లేదు. చెట్టు మీద మమకారం ఉంటే వైద్యం చేయండి, లేకపోతే మార్చండి, రెంటిలో ఏదీ పాపం కాదు.

ఒక్క విషయంలో మాత్రం ఇంట్లో అందరినీ ముందే సిద్ధం చేయండి. ఇప్పుడు పసుపెక్కిన మట్ట మళ్లీ పచ్చబడదు, నలిగిన మట్ట విచ్చుకోదు. ఎరువు వేసిన నెలకి చూసి "ఏం మారలేదు" అని ఇంకో మందు పోయడం మొదలుపెడితే అంతా పాడవుతుంది. మాంగనీసు వేశాక మంచి మట్ట రావడానికి ఆరు నెలలు పట్టొచ్చు, పొటాషియం లోపం పోయి తల నిండటానికి రెండేళ్లో ఇంకా పైనో పడుతుంది. అందుకని ఇవాళే ఆరు చెట్లకీ, ఒక్కోదానికి ఒక చోటు గుర్తు పెట్టుకుని ఫొటో తీయించండి, నెలకోసారి అదే చోటి నుంచి. ఆ పని మీ మామగారికి అప్పజెప్పండి. ఆయన ఇండియా వెళ్లిపోయాక మీవారు తీసి ఆయనకి వాట్సాప్‌లో పంపితే సరి. ఆయన కొత్త మట్టలు మాత్రమే చూసి చెప్పాలి, పాతవాటి లెక్క వద్దు. ఇద్దరిలో ఎవరి పక్షమని మిమ్మల్ని అడిగితే, పొటాష్‌లో మామయ్యగారి పక్షం, పిగ్మీల్లో మీవారి పక్షం అని చెప్పండి, అది నిజం కూడా. ల్యాబ్ రిపోర్టు, పీహెచ్ వచ్చాక డ్రైవ్‌వే చెట్టు ఫొటోతో మళ్లీ రాయండి, మొవ్వ దగ్గరగా కనబడేలా తీయండి.